పై బల్ల ముద్ర

ఆపరేషన్ గౌనులు కుట్టే ఆ ఫ్యాక్టరీలో చెకింగ్ గదికి కిటికీలు లేవు. ఉన్నవల్లా రెండు పొడవాటి బల్లలు, వాటి మీద కళ్ళు చెదిరే ట్యూబులైట్లు. పై బల్ల దగ్గర నిలబడేవాళ్ళు ప్రతి గౌనునూ విప్పి, వెలుతురుకు ఎత్తిపట్టి, కుట్టు కుట్టునూ వేలితో తడిమి చూస్తారు. తప్పుంటే ఎర్ర స్టిక్కరు, లేకపోతే నీలం ముద్ర. కింది బల్ల వాళ్ళు వాటిని మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దుతారు. పై బల్ల ముద్ర పడ్డ గౌనును కింది బల్ల వాళ్ళు మళ్ళీ విప్పకూడదు. అది ఆ గది నియమం. "పైవాళ్ళు చూశాక చూడ్డానికి నువ్వెవరు?" అని కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజే చెప్పేస్తారు.

ఈ కథలోని ఆడమనిషి ఎనిమిదేళ్ళు కింది బల్ల దగ్గర పనిచేసి, ఆ తర్వాత పై బల్లకు వచ్చింది. ఆమెకు అక్కడ డేగ అని పేరు. అర అంగుళం దారం వదులుగా ఉన్నా ఆమె కంటపడకుండా పోదు. ఆమె మిషన్ల వైపు నడిచి వస్తుంటే "వస్తోందమ్మోయ్, ఇవాళ ఎవరి కొంప మునిగిందో!" అని ఆడవాళ్ళు గుసగుసలాడి నవ్వుకునేవారు. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆమెకు లోపల్లోపల గర్వమే.

అంతటి కన్నున్న మనిషి తన ఒంటి విషయంలో మాత్రం గుడ్డిదైపోయింది. అదెలా జరిగిందో చెప్పడానికే ఈ కథ. చదివేవాళ్ళు ఆడవాళ్ళయితే కోపంగా చదవండి, తప్పులేదు. మగవాళ్ళయితే కాస్త నిదానంగా చదవండి.

ఏటేటా ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ఫ్యాక్టరీకి వచ్చి ఆడవాళ్ళకు ఉచితంగా పరీక్షలు చేసి వెళ్తారు. రెండేళ్ళ క్రితం ఆ శిబిరంలోనే ఆమె ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. క్యాన్సరేనన్నారు. రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు నవ్వుముఖం మనిషి. ఆమె మంచం పక్కన నిలబడి, "దిగులు పడకమ్మా. తీసిన చోటే సిలికాన్ సంచి పెట్టేస్తాను. మత్తులోంచి లేచేసరికి అసలేమీ జరగనట్టే ఉంటావు" అన్నాడు. ఆ మాటతో ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

జబ్బు చంకలోని గ్రంథులకు పాకిందనీ, ఆపరేషన్ తర్వాత రేడియేషన్ తప్పదనీ, రేడియేషన్ పడ్డ చోట ఆ సంచి గట్టిపడిపోయే ప్రమాదం, చీము పట్టే ప్రమాదం బాగా ఎక్కువనీ ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ ముక్క ఆమెతో అనలేదు. కాగితాల మీద సంతకం కూడా ఆమెది కాదు. చేతికి సెలైన్ సూది ఉందన్న వంకతో వసారాలో కూర్చున్న భర్త చేత పెట్టించుకున్నారు. భర్త ఆ ఫ్యాక్టరీ బస్సు డ్రైవరే. హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడే మెత్తని మనిషి.

కుట్లు ఆరిన వారానికి ఆసుపత్రి వాళ్ళు ఒక ఫోటోగ్రాఫర్‌ను తీసుకొచ్చారు. నీలం రంగు బట్టల్లో ఆమె పగలబడి నవ్వుతున్న ఫోటో ఒకటి నిలువెత్తున చేయించి, రోగులు కూర్చునే హాల్లో గోడకు తగిలించారు. కింద "మళ్ళీ నిండుగా, మళ్ళీ నవ్వుగా" అని రాయించారు. ఫ్యాక్టరీలో అందరూ డేగను సినిమాతార అని ఏడిపించారు.

ఆ తర్వాత రేడియేషన్ మొదలైంది. ఎందుకని అడిగితే జాగ్రత్త కోసమన్నారు. అది ముగిసిన మూడు నెలలకు ఎడమవైపు చెక్కలా బిగుసుకుపోయింది. సంచి పైకి పీక్కుపోయి మెడ ఎముక కిందకు చేరింది. చెయ్యి పైకెత్తితే ప్రాణం జివ్వుమనేది, పక్కకు తిరిగి పడుకోవడమన్నది మరిచిపోయింది. వెళ్ళి చూపిస్తే పెద్ద డాక్టరు వేలితో ఒకసారి నొక్కి చూసి, "బిగుతుగా ఉంటుందమ్మా కొన్నాళ్ళు. మామూలే. మనసులో పెట్టుకోకు" అన్నాడు. నెల తర్వాత వెళ్తే మళ్ళీ అదే మాట. మూడోసారి వెళ్తే "మీ ఆడవాళ్ళకి అనుమానాలెక్కువ" అని నవ్వాడు.

ఆమె నమ్మింది. నమ్మడమంటే ఎలా నమ్మింది? పై బల్ల ముద్ర పడిన గౌనును నమ్మినట్టు నమ్మింది. ఎనిమిదేళ్ళు కింది బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కదా, పెద్దవాళ్ళు బాగుందన్నాక విప్పి చూడకూడదన్నది ఆమె ఎముకల్లోకి ఇంకిపోయింది. పరాయి గౌనులో ఒక్క పోగు తప్పితే ఊరుకోని మనిషి, తన ఒంట్లో నిప్పు రాజుకుంటుంటే పెద్దాయన చూశాడుగా అని ఊరుకుంది. చర్మం ఎర్రబడింది, జ్వరం వచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే జ్వరం బిళ్ళ వేసుకోమన్నారని నర్సు చెప్పింది. అలా పదకొండు రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్న ముఖం కడుక్కుంటుంటే పాత కుట్టు వెంట చర్మం విచ్చుకుని, చీమూ రసీ కారి బట్టలు తడిసిపోయాయి.

భర్త ఆమెను దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ తల నెరిసిన మనిషి, మాట కటువు. సంచి తీసేసి, ప్రాణం నిలబెట్టి, నాలుగో రోజున మంచం పక్కన కూర్చుంది.

"రేడియేషన్ పడుతుందని తెలిసే ఇది పెట్టించుకున్నావా?"

"నాకెవరూ చెప్పలేదమ్మా."

డాక్టరమ్మ కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "అందరికీ ఇలా జరగదు. చాలామందికి ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. రేడియేషన్ అయ్యాక సొంత కండతో చేయించుకునేవాళ్ళున్నారు. ఏదీ వద్దనుకుని చదునుగా ఉండి నిక్షేపంగా బతికేవాళ్ళూ ఉన్నారు. ఏది మంచిదో తేల్చుకోవాల్సింది నువ్వు. నీకు ఆ వీలే లేకుండా చేశారు వాళ్ళు" అంది.

మంచం కాళ్ళ వైపు నిలబడ్డ భర్త నేల చూపులు చూస్తున్నాడు. నేల చూసే మనిషిని డేగ కన్ను వదలదు. ఇంటికొచ్చాక తలుపు గడియ వేసి అడిగింది.

"మీకు చెప్పాడా ఆయన?"

భర్త మంచం అంచున కూర్చున్నాడు. "చెప్పాడు. వింటే నువ్వు భయపడతావని నేనే చెప్పొద్దన్నా. ఆయనా అదే మంచిదన్నాడు."

"నేను భయపడతాననేనా? ఇంకేం లేదా?"

"నువ్వు… మునుపటిలాగే ఉంటే బాగుంటుందనిపించింది నాకు."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె భర్తను ఏనాడూ ఏకవచనంతో పిలిచి ఎరగదు. ఆ రోజు పిలిచింది. "నా ఒళ్ళు కోయించి నీ ముచ్చట తీర్చుకున్నావా?" అంది. ఆయన ఏడ్చాడు. ఆమెకు జాలి కలగలేదు. ఈ సంగతి పదిమందికీ తెలిస్తే పరువు పోతుందని మాత్రం ఆయన పదేపదే బతిమాలాడు. పరువు మాట ఆమెకూ తగిలింది. లోపల గుడ్డ మడిచి పెట్టుకుని పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆసుపత్రి గోడ మీద ఆమె నవ్వుతూనే ఉంది.

లోపల మాత్రం కసి పెరిగింది. బల్ల దగ్గర నిలబడి గౌనులు తడుముతూ, ఆ డాక్టరు కూడా జ్వరంతో పదకొండు రోజులు మూలగాలని, అప్పుడు తను నర్సు చేత బిళ్ళ వేసుకోమని కబురు పంపాలని ఊహించుకునేది. పగ పట్టడం మంచిది కాదని మనకు చిన్నప్పట్నుంచీ నేర్పుతారు. అలా నేర్పినవాళ్ళకు ఎప్పుడూ గుండె మీద చీము పట్టి ఉండదు.

ఒక సోమవారం ఆ ప్రైవేటు ఆసుపత్రికే వెళ్ళాల్సిన అరవై గౌనుల కట్ట ఆమె బల్ల మీదకు వచ్చింది. మొదటిది విప్పగానే తప్పు కనబడింది. చంక కింద కుట్టు రెండంగుళాలు ఎగిరిపోయింది. పైకి మూసుకున్నట్టే ఉంటుంది గాని, చెయ్యి కదిపితే తెరుచుకుంటుంది. ఆపరేషన్ గదిలో అలాంటి సందులోంచి క్రిములు గాయంలోకి చేరతాయని ఆమెకు బాగా తెలుసు. రెండోది కూడా అంతే, మూడోదీ అంతే. మొత్తం నలభై రెండు గౌనుల్లో అదే లోపం.

ఎర్ర స్టిక్కర్ల వైపు వెళ్ళిన చెయ్యి ఆగింది. వాడి ఆసుపత్రే కదా, వాడి పేరే కదా చెడేది అనుకుంది. నాలుగు కేసులకు చీము పడితే అప్పుడు తెలుస్తుంది మామూలే అంటే ఏమిటో! నీలం ముద్ర అందుకుని దబదబా కొట్టడం మొదలుపెట్టింది. నిజం చెప్పుకోవాలి, ఒక్కో దెబ్బకూ ఆమెకు హాయిగా ఉంది. కింది బల్ల వాళ్ళు మాట్లాడకుండా మడతలు పెట్టేశారు.

భోజనాల వేళ కుట్టు వరుసలోంచి ఒక మనిషి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై దాటినా చేరి ఆరు నెలలే అయింది కనుక అందరికీ కొత్త పిల్లే. చంక కుట్టు వేసే పని ఆమెది.

"అక్కా, మీకు దణ్ణం పెట్టాలి. రెండు రోజుల్నించీ నా కుట్లు సరిగ్గా పడట్లేదు. ఇవాళ మీ చేతిలో చచ్చాననే అనుకున్నా. అన్నీ పాస్ చేశారట కదా!"

"ఏమైంది నీకు? నిద్రపోతూ కుట్టావా?"

కొత్త పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మనసు మనసులో లేదక్కా. మీకొచ్చిందే నాకూ వచ్చింది. గురువారమే ఆపరేషన్. తీసిన వెంటనే సంచి పెట్టేస్తారట. మొదట భయమేసి వద్దన్నా. కానీ హాల్లో మీ ఫోటో చూశా. అంత నవ్వుతున్నారు కదా! మీకంత బాగుంటే నాకెందుకు బాగుండదని ఒప్పేసుకున్నా."

డేగకు చేతిలోని అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. గురువారం ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయేది ఈ పిల్ల. దాని మీదకు వంగేవాళ్ళు తొడుక్కునేది ఈ గౌనులే. గౌను డాక్టరును కాపాడడానికి మాత్రమే కాదు, కింద పడుకున్న మనిషిని కాపాడడానికి. ముద్ర కొడుతున్నంతసేపూ ఆ మనిషి ఆమెకు కనబడలేదు. ఆ పెద్ద డాక్టరుకు తను కనబడనట్టే.

ఆమె కొత్త పిల్ల చెయ్యి పట్టుకుని గుడ్డ తానులు పెట్టే స్టోరు గదిలోకి లాక్కెళ్ళి, తలుపు వేసి, జాకెట్టు విప్పి, మడత పెట్టిన గుడ్డ తీసి అవతల పడేసింది.

"చూడు. ఫోటోలో ఉన్నది ఇప్పుడు లేదు. కుళ్ళిపోతే తీసేశారు."

కొత్త పిల్ల వంకరటింకరగా ఉన్న ఆ మచ్చ వైపు చూసింది. తర్వాత తలెత్తి అడిగింది. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

డాక్టరు దాచాడు, భర్త దాచాడు, చివరికి తనూ దాచింది. గోడ మీది ఆ అబద్ధానికి ముఖం తనదే. "బుద్ధి లేక" అంది చివరికి.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఎన్నడూ జరగని పని జరిగింది. పై బల్ల మనిషి కింది బల్లకు వచ్చి, మూసేసిన అట్టపెట్టెలు చింపి, తను కొట్టిన ముద్రల మీద తనే ఎర్ర స్టిక్కర్లు అంటించింది. సూపర్‌వైజర్ ఎగిరిపడ్డాడు. "మతి పోయిందా? నీ ముద్రే కదా అది!" "నా ముద్రే. నేనే తప్పు కొట్టాను. రాసుకోండి" అంది. కొత్త పిల్ల ఆ నలభై రెండింటికీ కుట్లు మళ్ళీ వేసింది. ఈసారి ఒక్కటీ ఎగరలేదు.

అయితే కసి చల్లారిందనుకుంటున్నారేమో. లేదు. ఇన్నాళ్ళూ అటూఇటూ కొట్టుకున్న కసి ఇప్పుడు దారిన పడింది. బుధవారం ఆ ఏటి శిబిరం. పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి క్యాంటీన్లో ఆడవాళ్ళతో మాట్లాడతాడు. ఫోటోలోని మనిషిని వేదిక మీదకు పిలవాలని ఆసుపత్రి వాళ్ళు ముందే కబురు పెట్టారు. సంచి వేరే చోట తీసేశారు కనుక వాళ్ళకు సంగతే తెలియదు. తెలుసుకుందామన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఆమె తప్పకుండా వస్తానంది.

భర్తతో, "బుధవారం బస్సు పెట్టేసి క్యాంటీన్లోకి రా. నేనడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పు. నోరు రాకపోతే ఇంటికి కూడా రాకు" అంది. ఆయన తలూపాడు.

బుధవారం మూడు వందల మంది ఆడవాళ్ళతో క్యాంటీన్ కిటకిటలాడింది. పెద్ద డాక్టరు నవ్వుతూ ఆమెను పక్కన నిలబెట్టుకుని, "ఈవిడే మా ధైర్యానికి గుర్తు. నీ అనుభవం చెప్పమ్మా" అని మైకు ఇచ్చాడు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"మీరంతా చూసిన ఫోటో నాదే. ఆ ఫోటో తీసిన ఎనిమిది నెలలకి లోపల చీము పట్టి చర్మం విచ్చుకుపోయింది. ప్రభుత్వాసుపత్రిలో ఆ సంచి తీసి పారేశారు. నొప్పని మూడుసార్లు ఈయన దగ్గరికెళ్ళాను. మామూలే అన్నారు. జ్వరమని ఫోన్ చేస్తే బిళ్ళ వేసుకోమన్నారు. ఇప్పుడు నాకిక్కడ ఏమీ లేదు" అని ఎడమ వైపు అరచెయ్యి ఆనించి చూపించింది.

డాక్టరు నవ్వు సగంలో నిలిచింది. "అది చాలా అరుదుగా జరుగుతుందమ్మా…"

"రేడియేషన్ పడ్డవాళ్ళకి అరుదు కాదు సార్. ఎంత అరుదో నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీ ఆయనకి అన్నీ వివరంగా చెప్పాం. సంతకం కూడా ఉంది."

"కోసింది ఆయన రొమ్మునా సార్?"

ఎక్కడో వెనక వరుసలో ఒకావిడ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. డేగ తలుపు వైపు తిరిగి, "రా, వచ్చి చెప్పు" అంది. బస్సు డ్రైవరు గుమ్మంలోనే నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "నాకు చెప్పారు. ఆవిడకి చెప్పొద్దని నేనే అన్నాను. సరే అదే మంచిది అన్నారు డాక్టరుగారు. ఇద్దరం కలిసే దాచాం." తన బస్సులో రోజూ ఎక్కే మూడు వందల మంది ముందు ఆ మాట అనడం ఆయనకు శిక్షే. ఆ శిక్ష ఆమె కావాలనే వేసింది.

డాక్టరు ముఖం కందిపోయింది. కాలర్ బొత్తాం విప్పుకుని, నీళ్ళ సీసా కోసం తడుముకున్నాడు. ఆమె సీసా తీసి ఆయన చేతికి అందించింది.

"బిగుతుగా ఉంటుంది సార్ కొన్నాళ్ళు. మామూలే. మనసులో పెట్టుకోకండి" అంది.

అప్పుడు కొత్త పిల్ల లేచి నిలబడింది. "సార్, రేపు మీ దగ్గర నాకు ఆపరేషన్. నాకు రేడియేషన్ పడుతుందా?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందామమ్మా, నా గదికి రా."

"ఇప్పుడే చెప్పండి సార్."

"చెప్పండి" అంది పక్కనున్న మనిషి. "చెప్పండి, చెప్పండి" అని ముందొక వరుస, తర్వాత అన్ని వరుసలూ అందుకున్నాయి. ఎవరూ కుర్చీ విసరలేదు, ఎవరూ తలుపుకు అడ్డం నిలబడలేదు. అయినా ఆయన కదలలేకపోయాడు. చివరికి చాలా చిన్నగా, "పడే అవకాశం ఉంది" అన్నాడు.

"అయితే రేపు నేను రాను. జబ్బు తీయించుకోవడం మానను. సంచి పెట్టించుకోవాలో వద్దో, ఎప్పుడో, అన్నీ విన్నాక నేనే చెప్తాను" అని కొత్త పిల్ల కూర్చుంది. మర్నాడే డేగ ఆమెను డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. ఆరో రోజున ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ చెప్పినదంతా గంటసేపు విని, ప్రస్తుతానికి చదునుగానే ఉంటానని తనే నిర్ణయించుకుని, తనే సంతకం పెట్టింది.

డేగ వైద్యుల మీద విచారణ జరిపే మండలికి ఫిర్యాదు రాసింది. విచారణ నెలల తరబడి సాగింది. వాయిదా పడ్డ ప్రతిసారీ అవతలివాళ్ళు ఆమె విసిగిపోతుందని ఎదురుచూశారు. ఆమె సెలవు పెట్టుకుని ప్రతిసారీ వచ్చి, ముందు వరుసలో కూర్చుని, డాక్టరు ముఖం వైపే రెప్పవేయకుండా చూసేది. ఆయన జవాబు తడబడ్డప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. రాజీ కోసం ఆసుపత్రి పంపిన మనుషులను గుమ్మంలోంచే పంపేసింది. భర్తను ఇంట్లో ఉండనిచ్చింది గాని, ఇంకా క్షమించలేదు.

చివరి రోజున మండలి పెద్ద, బాగా వయసు మళ్ళినాయన, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి మెత్తగా అడిగాడు. "చూడమ్మా, జబ్బు పోయింది, ప్రాణం దక్కింది. దాచినవాళ్ళు కూడా నీ మంచి కోరే దాచామంటున్నారు. ఇంకా ఏం కావాలని ఈ పట్టుదల?"

ఆమె లేచి నిలబడింది. "నా మంచి కోరితే నన్ను అడగాలి సార్. నా ఒంటికి ఏం జరగబోతోందో నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా ఎవరు ఏం చేసినా, ఎంత ప్రేమతో చేసినా, అది నేరమే. దాన్ని నేరమని మీ చేత్తో రాయండి, అదే నాకు కావాలి."